మహారాజుగారి పిక్కతొడుగులు

ఊళ్ళకంటే ముళ్ళపొదలే ఎక్కువగా ఉన్న ఒకానొక రాజ్యాన్ని ఉగ్రధవళుడనే మహారాజు ఏలుతుండేవాడు. పేరులో ఉన్నంత ఉగ్రం మనిషిలో లేదు. పన్నులు మితంగా వేసేవాడు, బాటలు వేయించేవాడు, ఆకలన్నవాడికి అన్నం పెట్టించేవాడు. ఆయనకున్న జబ్బల్లా డంబం. తుమ్ము వచ్చినా అది రాజతుమ్మే అనుకునే రకం. చుట్టూ ఉన్నవాళ్ళు అవునవునని తలలూపేవాళ్ళు కనక ఆ జబ్బు ముదిరిపోయింది.

మహారాజుకు వేటంటే ప్రాణం. ఆ సీమలో అడవంతా గచ్చపొదలు, రేగుకంపలు, పరికిచెట్లు. గుర్రం చొరదు. అడవిపందిని కొట్టాలంటే ఎంతటివాడైనా దిగి నడవాల్సిందే. అందుకని ఆయన దళసరి దున్నతోలుతో పిక్కతొడుగులు కుట్టించుకునేవాడు. చీలమండ దగ్గర మొదలై మోకాటి కిందిదాకా కాలిని చుట్టేసే తొడుగు అది. పక్కన నాలుగు తోలువార్లు ఉంటాయి, బిగించి కట్టుకోవాలి. కట్టుకున్నాక ముల్లు దిగదు, పాముకోర దిగదు.

ఏటేటా కొత్తజత కావాలి. వేటలు ముగియగానే పాతజతను అడవితల్లి గుడి ద్వారానికి వేలాడగట్టడం ఆ వంశంలో ఆనవాయితీ. విచిత్రమేమిటంటే, కొత్తజత తొడిగిన మొదటిరోజునే మహారాజు కాలికి వెన్నలా అమిరిపోయేది. ఆయన మురిసిపోయేవాడు.

"కొత్తచెప్పు ఎవరినైనా కరుస్తుంది. మా కాలిని మాత్రం కరవదు. ఎందుకో తెలుసా? తోలుకు కూడా మనిషిని గుర్తుపట్టే తెలివి ఉంటుంది. రాజుగారి కాలు అనగానే దానంతటదే లొంగిపోతుంది" అని నిండుసభలో కాలు చాచి చూపించేవాడు.

"చిత్తం! తోలు జన్మ ధన్యమైంది ప్రభూ!" అనేవాడు మంత్రి భైరవామాత్యుడు. ఆయన ఉద్యోగంలో సగం ఈ మాటలు అనడమే.

ఆ మాటలు విన్నప్పుడల్లా సింహాసనం వెనక నిలబడ్డ ఒక మనిషి గోడవైపు తిరిగి దగ్గేవాడు. అతని పేరు తిప్పన్న. రాజుగారి పాదరక్షల కొట్టుకు అధికారి. చెప్పులు తుడవడం, తొడుగులకు వార్లు బిగించడం, సభలో రాజుగారి వెనక చెప్పులతో నిలబడటం అతని పని. నోటి దురుసు లేదు గాని నోటి చురుకు ఉంది. మహారాజు కూడా అప్పుడప్పుడూ ఆ చురుకుకు నవ్వుకునేవాడు.

తిప్పన్న ఎందుకు దగ్గేవాడంటే, తోలు లొంగిన రహస్యం ఆ సభలో అతనికొక్కడికే తెలుసు. ఆ రాజ్యంలో చెప్పులు కుట్టడంలో పోలయ్యను మించినవాడు లేడు. ఏటా కొత్తతొడుగులు కుట్టి తిప్పన్న చేతిలో పెట్టేవాడు. అప్పటికవి చెక్కముక్కల్లా ఉండేవి. తిప్పన్న వాటిని తన పిక్కలకు కట్టుకుని, పైన పంచె దించుకుని, రోజూ తెల్లవారగానే కోట వెనక గుట్టమీద తిరిగేవాడు. మంచులో తడిపి, రాళ్ళకు రాపాడించి, ఇంటికొచ్చి ఆముదం పట్టించేవాడు. మొదటి పదిరోజులూ అతని చీలమండలు బొబ్బలెక్కి చితికిపోయేవి. నలభై రోజులకు తోలు మెత్తబడేది. అప్పుడు శుభ్రంగా తుడిచి, మెరుగుపెట్టి, ఏమీ ఎరగనట్టు తీసుకెళ్ళి మహారాజుకు తొడిగేవాడు. అతని తండ్రి పాత మహారాజు చెప్పులకు ఇదే పని చేశాడు. అడిగినవారు లేరు, చెప్పినవారూ లేరు.

ఇదిలా ఉండగా ఒక ఏడు వేటల కాలం దగ్గరపడింది. ఆ ఏటి వేటకు మహారాజుగారి మేనమామ నాగదేవుడు, పొరుగుసీమ దొర, వస్తున్నాడు. డెబ్భై ఏళ్ళ ముసలాయన, వయసులో ఉన్నప్పుడు పెద్ద వేటగాడు. మేనమామ మెప్పు పొందాలని మహారాజుకు చిన్నప్పటినుంచీ తపన. అందుకని విడిది ఏర్పాట్లు చూసి రమ్మని మంత్రిని అడవికి పంపాడు.

భైరవామాత్యుడు పల్లకీలో అడవి అంచుకు వెళ్ళి, పల్లకీ దిగకుండానే అంతా చూశాడు. అక్కడ పొదలు కొట్టేవాళ్ళు దారి చేస్తున్నారు. వేటలో డప్పులూ కర్రలూ పట్టుకుని ముందుగా పొదల్లోకి దూరి, మృగాన్ని లేపి రాజుగారి వైపు తోలేది వాళ్ళే. అడవి గూడెం మనుషులు, మొత్తం ఇరవైమంది. వాళ్ళ పెద్ద బయ్యన్న. మంత్రి కళ్ళు వాళ్ళ కాళ్ళమీద పడ్డాయి. పడి అక్కడే ఆగిపోయాయి.

ఇరవైమందికీ పిక్కలకు తోలుతొడుగులున్నాయి!

అవి పోలయ్య కుట్టినవే. కిందటేటి వేటలో బయ్యన్న తమ్ముడు గచ్చపొదలో పింజరిపాము కరిచి చచ్చిపోయాడు. పోలయ్య ఆ శవాన్ని చూసి వచ్చి రెండురోజులు అన్నం ముట్టలేదు. ఏటా తాను కుట్టే తొడుగు రాజుగారి రెండు కాళ్ళను కాపాడుతుంటే, ముందు నడిచే నలభై కాళ్ళూ ఉత్తవిగానే ఉన్నాయని అప్పుడు తోచింది అతనికి. సంవత్సరమంతా మిగిలిన తోలుముక్కలు కూడబెట్టి, అతుకులు వేసి, ఇరవైజతలు కుట్టి ఊరికే ఇచ్చాడు.

మంత్రి ఆఘమేఘాలమీద తిరిగివచ్చి సభలో మొరపెట్టాడు.

"ప్రభూ! శ్వేతచ్ఛత్రం ఎటువంటిదో, వింజామర ఎటువంటిదో, పిక్కతొడుగు అటువంటిది. రాజచిహ్నం! దాన్ని పొదలు కొట్టేవాళ్ళు కట్టుకు తిరుగుతున్నారు. రేపు మామగారు వచ్చి చూస్తే, ఇక్కడ రాజెవరో పొదలు కొట్టేవాడెవరో ఎలా గుర్తుపడతారు?"

మహారాజు ముఖం కందగడ్డ అయింది. అప్పటికప్పుడు శాసనం పుట్టింది. మంత్రి స్వయంగా రాగిరేకుమీద చెక్కించాడు. "మహారాజుగారి కాళ్ళకు తప్ప ఈ రాజ్యంలో మరే కాలికీ, ఏ కారణం చేతనైనా, ఎంతసేపైనా, పిక్కతొడుగు ఉండరాదు. దీనికి మినహాయింపు లేదు." ఆ చివరిమాట తన సొంత కల్పన అని మంత్రి అందరికీ చెప్పుకున్నాడు.

గూడెం వాళ్ళ తొడుగులన్నీ ఊడబీకి కాల్చేశారు. పోలయ్యకు దేశబహిష్కారం విధించారు. అయితే మామగారు వచ్చే వేటకు రాజుగారి కొత్తజత అతనే కుట్టాలి గనక, కుట్టి, వేట ముగిసిన మర్నాడు తోలు కుట్టే ఆరె, కత్తి సర్కారుకు అప్పజెప్పి పెళ్ళాం పిల్లలతో పొలిమేర దాటాలన్నారు. ఆరె లేని పోలయ్య ఏ దేశంలో ఎలా బతుకుతాడో ఎవరూ అడగలేదు.

సింహాసనం వెనక దగ్గు వినిపించింది.

"తిప్పన్నా, దగ్గావు" అన్నాడు మహారాజు తల తిప్పకుండానే.

"దుమ్ము ప్రభూ."

"సభలో దుమ్ము లేదు."

"అయితే మాట అయి ఉంటుంది ప్రభూ. గొంతులో అడ్డం పడింది."

"బయటికి చెప్పు."

తిప్పన్న చెప్పులు పట్టుకునే ముందుకు వచ్చాడు. "వేటలో ముందు నడిచేది ఎవరు ప్రభూ?"

"పొదలు కొట్టేవాళ్ళు."

"ముల్లు ముందుగా ఎవరికి గుచ్చుకుంటుంది?"

"వాళ్ళకే. అందుకేగా ముందు నడిపిస్తున్నాం!" అన్నాడు మహారాజు. అందులో తప్పేముందో ఆయనకు నిజంగానే తోచలేదు.

"మరి వాళ్ళ కాళ్ళకు తొడుగులు ఉండాలని ఏలినవారికే ఒకనాడు అనిపించవచ్చు."

సభలో కలకలం రేగింది. మహారాజు గట్టిగా నవ్వాడు, ఆ నవ్వులో సరదా లేదు. "మాకా? సరే, పందెం. ఈ వేట ముగిసేలోపల, పొదలు కొట్టేవాళ్ళు తొడుగులు కట్టుకోవాలని మా నోటితో మేము అంటే, పోలయ్యను క్షమిస్తాం. శాసనం చెరిపేస్తాం. అనకపోతే పోలయ్యతోపాటు నువ్వూ పొలిమేర దాటాలి. ఒప్పుకుంటావా?"

తిప్పన్న తాతముత్తాతలంతా ఈ కోటలోనే పుట్టి పోయారు. అయినా వచ్చిన మాటను వెనక్కి మింగలేకపోయాడు.

"ఒప్పుకున్నాను ప్రభూ. ఒక్కటే మనవి. అప్పటిదాకా శాసనం అక్షరాలా అమలు కావాలి. మంత్రిగారు చెక్కించినట్టే, మినహాయింపు లేకుండా."

"అదేం మనవి? అది మా ఆజ్ఞే గదా!" అన్నాడు మహారాజు. మంత్రి మీసం దువ్వుకున్నాడు.

నాలుగు రోజులకు పోలయ్య కొత్తజత కుట్టి తెచ్చాడు. తోలు నిగనిగలాడుతోంది, కుట్టు చీమలబారులా ఉంది. తిప్పన్న చేతిలో పెడుతూ పోలయ్య అన్నాడు.

"ఇదే నా ఆఖరి జత తిప్పన్నా. వేటకు సరిగ్గా నలభైరోజులుంది. ఇవాళే కాలికి కట్టేసెయ్. ఈసారి తోలు మరీ మొండిది, ఆముదం ఎక్కువ పట్టించు."

తిప్పన్న ఆ జతను కొట్టులోకి తీసుకెళ్ళి చిలక్కొయ్యకు తగిలించి వచ్చాడు.

"అదేందయ్యా! కట్టుకోవా?"

"శాసనం వినలేదా? రాజుగారి కాలికి తప్ప మరే కాలికీ తొడుగు ఉండరాదు. నాది కాలే గదా."

పోలయ్య నోరు తెరిచాడు. "అది గూడెం వాళ్ళకి చెప్పిన మాట! ఆ చెక్కలు అలాగే కడితే రాజుగారి కాళ్ళు ఏమవుతాయి? ఆ తప్పు కూడా నా నెత్తినే పడుతుంది."

"పోలయ్యా, నీ నెత్తిన ఇప్పటికే పడాల్సినంతా పడింది. ఇంకో ముక్క పడ్డా బరువు తెలియదు. ఈ ఒక్కసారికి నన్ను చట్టం ప్రకారం నడుచుకోనీ" అన్నాడు తిప్పన్న.

పైకి అలా అన్నాడే గాని లోపల అతనికి పీకుతూనే ఉంది. రోజూ తెల్లవారగానే మెలకువ వచ్చేది. ఇన్నేళ్ళలో మొదటిసారి అతని చీలమండలకు బొబ్బల్లేవు. కాళ్ళు హాయిగా ఉన్నాయి గాని మనిషికి హాయి లేదు. భార్య అయితే ఎందుకైనా మంచిదని అటకమీది సామాను దించి మూటలు కట్టడం మొదలుపెట్టింది. అతను వద్దనలేదు.

నలభైరోజులూ గడిచాయి. మేనమామ నాగదేవుడు రానే వచ్చాడు. వస్తూనే గుమ్మంలో నిలబడి తన కాళ్ళు చూపించాడు. వాటికి తొడుగులు లేవు.

"అల్లుడూ, అతిథి వస్తే కాళ్ళకు నీళ్ళివ్వడం మా ఎరుకలో ఉన్న మర్యాద. మీ పొలిమేరలో తొడుగులు ఊడదీసుకుంటున్నారేమిటయ్యా? ముప్పై ఏళ్ళుగా వాడుతున్న జత! శాసనమట, మినహాయింపు లేదట."

మహారాజు మంత్రివైపు చూశాడు. మంత్రి పైకప్పువైపు చూశాడు. మహారాజుకు తల కొట్టేసినట్టయింది గాని, తన శాసనాన్ని తానే తప్పుబట్టలేక, "రాజ్యం కట్టుదిట్టంగా ఉంది మామా" అన్నాడు.

"ఉంది, ఉంది. నా పిక్కలకు బాగా తెలుస్తోంది" అన్నాడు ముసలాయన. మర్నాడు అడవి అంచుకు వెళ్ళాక, ఉత్తకాళ్ళతో పొదల్లోకి తాను రానని చెప్పి, దారి మొదట్లో ఉన్న ఒక బండమీద కూర్చున్నాడు. "నువ్వు వెళ్ళు అల్లుడూ. పందిని కొట్టుకురా, చూసి ఆనందిస్తాను." మంత్రి కూడా ఆయనకు తోడుగా అక్కడే ఉండిపోయాడు.

తిప్పన్న కింద కూర్చుని మహారాజుకు కొత్తతొడుగులు కట్టాడు. వార్లు బిగిస్తుంటే తోలు కిర్రుమంది.

"ఏమిటిది, గట్టిగా ఉన్నట్టుంది?" అన్నాడు మహారాజు.

"కొత్తది ప్రభూ. ఇంకా కాలిని గుర్తుపట్టినట్టు లేదు. పడుతుందిలెండి."

మామగారి ఎదుట ఏమంటాడు? మహారాజు రొమ్ము విరుచుకుని పొదల్లోకి నడిచాడు. ముందు బయ్యన్న, అతని మనుషులు ఉత్తకాళ్ళతో డప్పులు కొడుతూ పోతున్నారు. వెనక మహారాజు, ఆయన వెనక తిప్పన్న. వందడుగులు వేసేసరికి చీలమండ దగ్గర చురుక్కుమంది. రెండొందలకు మోకాటి కింద కోసుకోసాగింది. మహారాజు పళ్ళు బిగించాడు. అరకోసు నడిచేసరికి ఆయన నడక చూసి తిప్పన్నకే జాలివేసింది. పెళ్ళికూతురిలా అడుగులో అడుగు వేస్తున్నాడు పాపం.

"తిప్పన్నా, వార్లు కాస్త వదులు చెయ్యి."

వదులు చేస్తే తొడుగు కిందికీ పైకీ జారి రెండింతలు రాపాడింది. ఇంతలో పొద చీల్చుకుని ఏనుగుగున్నంత అడవిపంది లేచింది. బయ్యన్న మనుషులు కేకలు వేసి సరిగ్గా మహారాజు ముందుకే తోలారు. మహారాజు ఈటె ఎత్తి ఒక్క అడుగు ముందుకు వేశాడు. "అబ్బా!" అని కూలబడ్డాడు. పంది ఆయన్ని ఒకసారి పరీక్షగా చూసి, తన దారిన తాను పోయింది.

తొడుగులు విప్పితే రెండు చీలమండలమీదా రేగుపళ్ళంత బొబ్బలు, కొన్ని చితికి రసి కారుతున్నాయి. మళ్ళీ అవి కట్టుకునే మాట లేదు. గుర్రం రాదు, పల్లకీ రాదు. బండదాకా అరకోసు దూరమూ ఉత్తకాళ్ళతోనే వెనక్కి నడవాలి.

బయ్యన్న ముందు నడుస్తూ కర్రతో కంపలు తొక్కిపెడుతున్నాడు. అయినా పదడుగులకొక ముల్లు. మహారాజు జన్మలో మొదటిసారి గచ్చముల్లు అంటే ఏమిటో తెలుసుకున్నాడు. తల దించుకుని, అడుగు వేసే చోటు చూసుకుంటూ నడుస్తుంటే, ఆయన కళ్ళముందు ఉన్నవి బయ్యన్న పిక్కలే. అంత దగ్గరగా ఆయన ఎప్పుడూ వాటిని చూడలేదు. నిండా గాట్లు, గుంటలు, నల్లటి మచ్చలు.

"ఇదేమిటి బయ్యన్నా, ఈ గుంట?"

"పరికిముల్లు దొరా. లోన ఇరిగిపోయింది. కాల్చి తీశాం."

"ఈ నల్లమచ్చ?"

"పింజరి దొరా, పోయినేడు. నన్ను గీసుకుపోయింది. నా పక్కనున్న తమ్ముడికి దిగింది."

"మరి తమ్ముడు?"

"పోయాడు దొరా. ఏలినవారి వేటలోనే."

బయ్యన్న ఆ మాట నిష్ఠూరంగా అనలేదు, అడిగారు గనక చెప్పాడు. కిందటేడు ఆ వేటలో మహారాజు రెండు పందుల్ని కొట్టి విందు చేశాడు. ఆ విందునాటి వంటకాలన్నీ గుర్తున్నాయి. మనిషి పోయిన సంగతి మాత్రం ఇవాళ తెలిసింది. ఆయనకు నిజంగా సిగ్గేసింది.

అయితే బండ దగ్గరికి వచ్చి మామగారి ముఖం చూడగానే సిగ్గు కాస్తా కోపమైంది.

"తిప్పన్నా! ఈ తోలు ఎక్కడిది? దేశం వెళ్ళగొడుతున్నామని పోలయ్య పగబట్టి చెడగొట్టాడా? ఇన్నేళ్ళుగా మా కాలికి లొంగిన తోలు ఇవాళ ఎందుకు కరిచింది?"

తిప్పన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"తోలు ఏటా కరుస్తూనే ఉంది ప్రభూ. కాకపోతే ముందు నన్ను కరిచేది. కొత్తజత రాగానే నలభైరోజులు నా కాళ్ళకు కట్టుకుని గుట్టమీద తిరిగేవాణ్ణి. దాని పళ్ళన్నీ నా చీలమండలమీద అరగదీసి, అప్పుడు ఏలినవారికి తొడిగేవాణ్ణి." అంటూ పంచె ఎత్తి చూపించాడు. ఇరవై ఏళ్ళ బొబ్బల మచ్చలు వరసలు తీరి ఉన్నాయి.

భైరవామాత్యుడు ఎగిరిపడ్డాడు. "ప్రభూ! విన్నారా! రాజచిహ్నాన్ని రాజుకంటే ముందు సేవకుడు తొడిగాడు! ఘోరమైన నేరం!"

"నేరమేనని తెలిసింది మంత్రిగారూ. అందుకే ఈ ఏడు మానేశాను. ఏ కారణం చేతనైనా, ఎంతసేపైనా కూడదని మీరే చెక్కించారు. మినహాయింపు లేదన్నారు. నేను అక్షరాలా పాటించాను. ఫలితం ప్రభువుల పాదాలమీద ఉంది."

ముందుగా నవ్వింది నాగదేవుడు. బండమీద కూర్చున్నవాడు డొక్కలు పట్టుకుని నవ్వాడు. "అల్లుడూ! చిన్నప్పుడు మీ నాన్న కూడా నాతో ఇదే కోతలు కోసేవాడు, తన కాలికి తోలు లొంగుతుందని! తొడుగు విప్పుతుంటే మాత్రం ఆముదం వాసన గుప్పున కొట్టేది. ఇప్పటికి తెలిసిందిరా గుట్టు!"

మహారాజు ఎర్రబడ్డాడు, తెల్లబడ్డాడు. అరవబోయి, మచ్చలుపడ్డ తిప్పన్న చీలమండలు చూసి, ఆ పక్కనే ఉన్న బయ్యన్న పిక్కలు చూసి, తన బొబ్బలు చూసుకున్నాడు. ఇన్నాళ్ళూ కాళ్ళంటే తనవేననుకున్నాడు. చివరికి కూర్చుని నెమ్మదిగా అడిగాడు.

"మరి ఇప్పుడేం చెయ్యాలి? నువ్వే మళ్ళీ తొడుక్కుని మెత్తబరుస్తావా?"

"నాకు యాభై దాటాయి ప్రభూ. గుట్ట ఎక్కితే మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. పైగా గుట్టమీది నడక నిదానం. తోలు తొందరగా మెత్తబడాలంటే ముళ్ళలో, తడిలో, రోజూ తిరిగే కాళ్ళు కావాలి."

"అలాంటి కాళ్ళు ఎవరికున్నాయి?" అని అడిగింది నాగదేవుడు. అడిగి, కొంటెగా ఆకాశంలోకి చూస్తూ కూర్చున్నాడు.

తిప్పన్న నేలచూపులు చూస్తున్నాడు. ఆ మాట తన నోట రాకూడదని అతనికి తెలుసు. మహారాజు మీసాల కింద ఏదో కదిలింది. ఆయనకు అంతా అర్థమైంది. అర్థమయ్యే, కావాలనే ఆ గోతిలో కాలు పెట్టాడు.

"బయ్యన్నకు ఉన్నాయి. మా కొత్తజతను బయ్యన్న తొడుక్కోవాలి" అన్నాడు.

"ఒక్క జతేనా ప్రభూ?" అన్నాడు తిప్పన్న వినయంగా. "ఒక్కదాన్నే నమ్ముకుంటే ఎలా? ఒక తోలు మెత్తబడుతుంది, ఒకటి పగులుతుంది, ఒకటి ఎంతకీ లొంగదు."

"అయితే ఎన్ని కావాలంటావు?"

"మీ వాళ్ళు ఎంతమంది బయ్యన్నా?"

"ఇరవైమంది దొరా."

"సరిగ్గా ఇరవై కావాలి ప్రభూ! ఇరవైమందీ కట్టుకు తిరిగితే, అన్నిటిలోకీ మెత్తటిది ఏరి ఏలినవారికి తొడుగుతాను, దానికి బదులు ఇవాళ కరిచిన ఈ జతను వాళ్ళకిస్తాను."

"మిగతా పంతొమ్మిది?"

"ఇతరులు కట్టుకున్నవి రాజుగారికి తగవు గదా. వాళ్ళకే వదిలెయ్యాలి."

"మరి నువ్వు ఏరి తెచ్చే ఆ ఒక్కటి కూడా ఇతరులు కట్టుకున్నదే గదయ్యా?"

"అవును ప్రభూ. కాని ఆ సంగతి మనకు తెలియనట్టే ఉందాం. ఇన్నేళ్ళూ ఉన్నాం గదా!"

మహారాజు ఇక ఆపుకోలేకపోయాడు. బొబ్బలెక్కిన కాళ్ళు పట్టుకుని, కళ్ళవెంట నీళ్ళు కారేదాకా నవ్వాడు. "ఓడిపోయాం తిప్పన్నా. మా నోటితోనే అనిపించావు. పొదలు కొట్టేవాళ్ళు తొడుగులు కట్టుకోవాలి. ఇరవైమందీ కట్టుకోవాలి, ఏటా కట్టుకోవాలి. పోలయ్య ఎక్కడికీ పోడు, ఇరవైజతలు ఎవరు కుడతారు మరి? తోలు మా కొట్టునుంచి ఇప్పించండి, అతుకులు వెయ్యకుండా కుట్టమనండి."

"ఇరవై కాదు అల్లుడూ, ఇరవైరెండు" అన్నాడు నాగదేవుడు. "మీ పొలిమేరలో పోయిన నా జత ఒకటి. ఇంకొకటి మీ మంత్రిగారికి. ఆయనా నలభైరోజులు ఈ పొదల్లో తిరిగితే, ఇక శాసనాలు చెక్కించేముందు కాస్త ఆలోచిస్తాడు."

"అలాగే!" అన్నాడు మహారాజు. భైరవామాత్యుడు అలవాటు కొద్దీ "చిత్తం!" అనేసి, ఆ తర్వాత నాలుక కరుచుకున్నాడు.

మూడోనాడు నిండుసభ తీరింది. మహాపండితుల ఎడమకాలికి తొడిగే బంగారు కడియం, గండపెండేరం, పళ్ళెంలో పెట్టుకుని మహారాజు కుంటుకుంటూ సింహాసనం దిగి వచ్చాడు. చెప్పులు మోసేవాడికి గండపెండేరమా అని పండితులు గుసగుసలు పోయారు.

"మీరంతా మాకు తలకెక్కే మాటలు చెప్పారు. ఇతనొక్కడే కాళ్ళ సంగతి చెప్పాడు. అందుకని కాలికే బహుమానం" అని మహారాజు వంగబోయాడు.

తిప్పన్న రెండడుగులు వెనక్కి వేశాడు. "ప్రభూ, కడియం సరికొత్తది. కరుస్తుందేమో! ముందుగా ఇంకొకరి కాలిమీద ఉంచి చూడటం మన ఆనవాయితీ."

మహారాజు నవ్వు బిగబట్టుకున్నాడు. "ఎవరి కాలిమీద?"

సభ చివర, తలుపు దగ్గర ఒదిగి నిలబడ్డ పోలయ్యను తిప్పన్న చెయ్యి పట్టుకుని ముందుకు తీసుకువచ్చాడు. ఊళ్ళో కాళ్ళన్నిటికీ కొలత తీసినవాడు, తన కాలు ముందుకు చాచమంటే సిగ్గుపడిపోయాడు. మహారాజే వంగి తొడిగాడు. పోలయ్య తన కాలిని ఎవరిదో కాలిని చూసినట్టు చూసుకున్నాడు. అతని కళ్ళు నిండిపోయాయి.

"సరే, ఎన్నాళ్ళకు మెత్తబడి నీ కాలికి వస్తుంది తిప్పన్నా? నలభైరోజులా?" అని అడిగాడు మహారాజు.

"తోలైతే నలభైరోజులు ప్రభూ. ఇది బంగారం గదా, ఒక మనిషి జీవితకాలం పట్టవచ్చు."

మహారాజు పక్కున నవ్వాడు, ఆయనతోపాటు సభంతా నవ్వింది. తిప్పన్నకు పట్టుశాలువా కప్పి, అది పాతదేనని, ఇప్పటికే పదేళ్ళు తన భుజంమీద మెత్తబడిందని చెప్పి మరీ పంపించాడు. తిప్పన్న ఇంటికి వెళ్ళి భార్య కట్టిన మూటలు విప్పి, సామాను మళ్ళీ అటకమీదికి ఎక్కించాడు. ఆ ఏడు వేటలన్నిటిలో ఇరవైమందీ పొదల్లోకి వెళ్ళి, ఇరవైమందీ తిరిగి వచ్చారు.